ఏ హ్యాకథాన్‌కి పోవాలి? తిరుపతి, చిత్తూరు పిల్లలకు ఒక అక్క చెప్పే లెక్క

హ్యాకథాన్ అంటే ఇచ్చిన టైమ్‌లో టీమ్‌గా కూర్చుని పనిచేసే యాప్‌నో వస్తువునో చేసి చూపించే పోటీ. దాని పోస్టర్ కనపడితే అందరూ ముందు ప్రైజ్ మనీ చూస్తారు, నేను అది ఎన్నింటికి అయిపోతుందో చూస్తాను. బెంగళూరులో ఆదివారం సాయంత్రం ఆరింటికి రిజల్ట్స్ అని వేస్తారు, ఎనిమిదైనా రావు, ఆ తరవాత ఆ ట్రాఫిక్‌లో పడి బస్సు పట్టుకుని 250 కిలోమీటర్లు వచ్చి తిరుపతిలో దిగేసరికి తెల్లారిపోతుంది. పొద్దున తొమ్మిదిన్నరకి మిడ్ ఉంటే ఆ పేపర్ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే నేను రాశాను. ఎన్ని మార్కులొచ్చాయో అడక్కండి.

మొన్న మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో మూడు లింకులు పంపాడు. చిత్తూరులో బీటెక్ సెకండియర్ వాడు. ఒకటి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ కోసం వాళ్ల కాలేజీలో పెట్టే ఇంటర్నల్ రౌండ్. ఇంకోటి బెంగళూరులో రెండు రోజులది. మూడోది ఆన్‌లైన్‌లో "నేషనల్ లెవెల్", మనిషికి 499 రూపాయల ఫీజు, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ సర్టిఫికెట్. "అక్కా, దీంట్లో ఏది బాగుంటాది?" అన్నాడు. టీమ్‌లో ఎవరెవరున్నారురా అంటే "టీమ్ ఇంకా లేదక్కా, ఏది పోవాలో తేలితే అప్పుడు చూసుకుంటాం" అన్నాడు.

పెళ్లికూతురు దొరక్కముందే కల్యాణమండపానికి అడ్వాన్స్ కట్టినట్టుంది ఇది. మీ దగ్గర ఎవరున్నారు, వాళ్లకేం వచ్చు, మీకు ఎన్ని రోజులు ఖాళీ, ఇవి తేలితే ఏ హ్యాకథాన్ అన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది. నేను కింద రాసేదంతా ఆ లెక్కలోనే.

మొదటిసారైతే దగ్గర్లోనే

ఇంతవరకు ఒక్కదానికీ పోలేదంటే మీ కాలేజీలోనో, సిటీ బస్సులో వెళ్లొచ్చేంత దూరంలోనో జరిగే 24 గంటలది పట్టుకోండి. తిరుపతి చుట్టూ కాలేజీలకు కరువేం లేదు. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, రంగంపేటలో మోహన్‌బాబు యూనివర్సిటీ, ఏర్పేడులో ఐఐటీ, కొంచెం దూరమైనా శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ. ఎవరు ఎప్పుడు ఏం పెడతారో ఏడాదికో రకంగా ఉంటుంది కాబట్టి టెక్ ఫెస్టుల సీజన్‌లో ఒక కన్నేసి ఉంచండి, బయటి కాలేజీల వాళ్లను రానిస్తారా అన్నది ఫోన్ చేసి అడగండి. పోస్టర్ కింద కోఆర్డినేటర్ నంబర్లు వేసేది అందుకే, అలంకారానికి కాదు.

24 గంటలన్నారని 24 అనుకోవద్దు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువా, మెమెంటో, ఇవన్నీ అయ్యి వైఫై పాస్‌వర్డ్ చేతికొచ్చేసరికి రెండున్నర గంటలు పోతాయి. భోజనాలు, మధ్యలో మెంటర్ రౌండ్లు, పొద్దున మొహం కడుక్కోవడం తీసేస్తే చేతిలో పదహారు గంటలుంటే గొప్ప. కానీ ఇక్కడ దొరికేది ఇంకెక్కడా దొరకదు. రాత్రి మూడింటికి ఎవరు మేలుకుని ఉంటారు, ఎవరు "పది నిమిషాలు మచ్చా" అని దుప్పటి ముసుగేసి ఏడింటికి లేస్తారు, కోడ్‌లో తప్పు చూపిస్తే ఎవరు అలిగి టీ తాగడానికి పోతారు, ఇదంతా మీకు ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. ఇది తెలుసుకోవడానికి బెంగళూరు బస్సు ఛార్జీ దండగ.

మా మొదటిది ఇట్లాంటిదే. మేతకు పోయిన ఆవు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే మెడపట్టీ చేశాం. ఒక ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు), ఒక చిన్న జీపీఎస్ మాడ్యూల్, ఒక బ్యాటరీ. రాత్రి గ్రౌండ్‌లో చక్కగా పనిచేసింది, ఆవు లేదు కాబట్టి మా ఫ్రెండ్ మెడకే కట్టి పరిగెత్తించాం. పొద్దున డెమోకి సెమినార్ హాల్లోకి పిలిచారు. కాంక్రీటు శ్లాబు కింద శాటిలైట్ సిగ్నల్ అందదని మాలో ఎవరికీ తట్టలేదు. లొకేషన్ రాకపోతే మా కోడ్ సున్నా, సున్నా అని పంపేది. అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అంటే ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖ. జడ్జీల ముందు స్క్రీన్ మీద పలమనేరు ఆవు అట్లాంటిక్ సముద్రంలో ఈదుతోంది. ఒక జడ్జి గారు కళ్లజోడు సర్దుకుని "పాలు ఉప్పగా ఉంటాయేమోనమ్మా" అన్నారు. హాలంతా నవ్వు. ప్రైజ్ రాలేదు గానీ ఆ రోజు నుంచి డేటా రాకపోతే ఏం చూపించాలన్నది ముందు రాసి, ఆ తరవాతే మిగతా కోడ్ రాస్తున్నాను.

హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా

ఆవు కథ విని హార్డ్‌వేర్ వద్దనుకోకండి, కానీ మన ఊళ్లో కూర్చుని హార్డ్‌వేర్ చెయ్యడంలో ఉన్న ఇబ్బందులు తెలుసుకుని దిగండి. సెన్సర్ కాలిపోతే చెన్నై పిల్లలు రిచీ స్ట్రీట్‌కి, బెంగళూరు వాళ్లు ఎస్‌పీ రోడ్‌కి పోయి గంటలో తెచ్చుకుంటారు. మనం ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి రోజులు లెక్కపెట్టాలి, లేదా పొద్దున్నే చెన్నై రైలెక్కాలి. అందుకే ఏ పార్టైనా రెండు కొనండి. మట్టిలో గుచ్చే చవక తేమ సెన్సర్లు వాడితే అవి కొన్నాళ్లకే తుప్పు పట్టి తప్పుడు లెక్కలు చూపిస్తాయి, కెపాసిటివ్ రకం (లోహం మట్టికి తగలనిది) తీసుకోండి.

ఇంకోటి. ఈఎస్‌పీ32 మామూలుగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే దానికి అసలు కనపడదు. కాలేజీ వైఫైలో బ్రౌజర్ తెరిచి రోల్ నంబర్ కొట్టి లాగిన్ అవ్వాలంటే ఆ బోర్డుకి బ్రౌజర్ ఎక్కడిది? అర్ధరాత్రి ఒంటిగంటకి "బోర్డు పోయింది" అని ఏడ్చే టీముల్లో సగం బోర్డులు బాగానే ఉంటాయి, హాట్‌స్పాట్ సెట్టింగ్ మారిస్తే చాలు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ బాధ లేదు, వేరే బాధ ఉంది. రెండర్ లాంటి చోట ఉచితంగా సర్వర్ పెడితే పదిహేను నిమిషాలు ఎవరూ తెరవకపోతే అది నిద్రపోతుంది, మళ్లీ లేవడానికి దాదాపు నిమిషం తీసుకుంటుంది. జడ్జి మీ టేబుల్ దగ్గర నిలబడేది మూడు నిమిషాలు. అందులో ఒక నిమిషం తెల్ల స్క్రీన్ చూపిస్తే ఆయన మనసు పక్క టేబుల్ మీదికి పోతుంది. మీ వంతు వచ్చేముందు సైట్ ఒకసారి తెరిచి పెట్టుకోండి, రాత్రి పనిచేసినప్పుడే ఫోన్‌తో ఒక వీడియో తీసి దాచుకోండి. ఎవరికి ఏం వచ్చో చూసి ఎంచుకోండి అంటే ఇదే: సోల్డరింగ్ చేతికి అలవాటైన మనిషి ఒక్కరైనా లేకుండా హార్డ్‌వేర్‌కి పోవద్దు.

స్మార్ట్ ఇండియా హ్యాకథాన్: పెద్దది, నిదానమైంది

దీని గురించే ఎక్కువమంది అడుగుతారు. 2017లో మొదలైంది, కేంద్ర విద్యాశాఖ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కలిసి నడిపిస్తున్నాయి. టీమ్‌కి ఆరుగురు, అందరూ ఒకే కాలేజీ వాళ్లు, కనీసం ఒక అమ్మాయి ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఫైనల్ 36 గంటలు ఏకబిగిన, హార్డ్‌వేర్‌ది ఐదు రోజులు. ఈ మధ్య ఏళ్లలో సెప్టెంబరు ప్రాంతంలో కాలేజీల్లో ఇంటర్నల్ రౌండ్లు, డిసెంబరులో ఫైనల్ జరుగుతున్నాయి. ప్రైజ్ ప్రతి ప్రాబ్లం స్టేట్‌మెంట్‌కి విడిగా ఉంటుంది, లక్ష నుంచి మాట.

దీంట్లో నాకు నచ్చేది ఏంటంటే సమస్య వాళ్లే ఇస్తారు. మంత్రిత్వ శాఖలు, ఇస్రో లాంటి సంస్థలు తమకు నిజంగా కావాల్సిందేదో రాసి పంపుతాయి. ఐడియా ఏం చేద్దామా అని వారం రోజులు క్యాంటీన్‌లో తల పట్టుకునే పని లేదు. (మన దగ్గర టాపిక్ వదిలేస్తే పది టీముల్లో నాలుగు తిరుమల క్యూలైన్ యాప్ చేస్తాయి. స్వామి మీద భక్తి నాకూ ఉంది గానీ ఆ యాప్ చూసి చూసి జడ్జీలకు మొక్కు తీరిపోయింది.)

నచ్చనిది, ఫైనల్ దాకా పోవడానికి మీ కోడ్ కన్నా పీపీటీ ముఖ్యం. ఆరు స్లైడ్లలో అంతా చెప్పాలి. బాగా కోడ్ రాసేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు, వాళ్లకు ఆర్కిటెక్చర్ బొమ్మ గీయమంటే చిరాకు. ఆ తరవాత వారాల తరబడి ఎదురుచూపు. ఈలోగా టీమ్‌లో ఇద్దరికి ఆసక్తి పోతుంది, ఒకడు వేరేదాంట్లో చేరతాడు. ఎదురుచూడలేని రకం అయితే దీనికి పోవద్దు, మొహమాటం లేకుండా చెబుతున్నా.

పోతే మాత్రం, పేరు గొప్పగా ఉన్న ప్రాబ్లం వదిలేసి మీ ఇంట్లో ఎవరికో తెలిసిన ప్రాబ్లం తీసుకోండి. ఏఐ, డ్రోన్, బ్లాక్‌చైన్ అని కనపడేవాటి మీద దేశమంతా పడుతుంది. అదే పంట కొనుగోలు, పాల నాణ్యత, కోల్డ్ స్టోరేజీ లాంటిది వస్తే మన జిల్లా పిల్లలకు ఉన్న లాభం ఢిల్లీ పిల్లలకు లేదు. తోతాపురి మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరస ఎంత పొడుగుంటుందో, లోపలికి పోయేదాకా కాయ ఎంత మెత్తబడుతుందో నాన్నతో పాటు రాత్రంతా ట్రాక్టర్ మీద పడుకున్న పిల్లాడికి తెలుసు. 2025లో ధర పడిపోయి రాష్ట్ర ప్రభుత్వం కిలోకి నాలుగు రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చిన సీజన్‌లో ఆ వరసలో నిలబడ్డవాళ్లను అడిగితే, "రైతుకు మార్కెట్ ధర చూపించే యాప్" వాళ్లకెందుకు పనికిరాదో రెండు ముక్కల్లో చెబుతారు. ధర తెలియక వాళ్లు నష్టపోలేదు. గేటు ఎప్పుడు తెరుస్తారో తెలియక కాయ పాడైంది. మీరు ట్రాక్టర్లకిచ్చే టోకెన్ మీద, లోపల పట్టే టైమ్ మీద పనిచేస్తే జడ్జి కూర్చున్న కుర్చీలోంచి ముందుకు వంగుతాడు.

ఇక ఆ "కనీసం ఒక అమ్మాయి" సంగతి. రూల్ మంచిదే. కానీ మా కాలేజీలో అది ఎట్లా నడిచిందంటే, ఐదుగురు అబ్బాయిలు వారం ముందే అంతా మాట్లాడుకుని, సబ్మిట్ చేసే రోజు మధ్యాహ్నం నా దగ్గరకొచ్చి "నీ పేరు రాసుకుంటున్నాం, నువ్వేం చెయ్యక్కర్లేదు, పీపీటీ ఒక్కటి చూసుకో" అన్నారు. ప్రాబ్లం ఏంటో కూడా నాకు పీపీటీ చేస్తూ తెలిసింది. వాళ్లు డేటాబేస్ దగ్గర రెండు రోజులు కొట్టుకున్నారు, నాకు అది వచ్చని ఎవరూ అడగలేదు, నేనూ పంతానికి చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే చెప్పాల్సిందే అనిపిస్తుంది, కానీ అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. అబ్బాయిలూ, ఆ స్థానం మొదట నింపండి, చివర కాదు. అమ్మాయిలూ, పేరు ఇచ్చేముందు "నా పని ఏంటి?" అని అడగండి, జవాబు పీపీటీ అయితే ఇంకో టీమ్ చూసుకోండి, మీ కోసం వెతికే టీములు ఆ వారంలో చాలా ఉంటాయి.

నాసా స్పేస్ యాప్స్

నాసా పెట్టే ఈ హ్యాకథాన్ మన దగ్గర ఎందుకో తక్కువమందికి తెలుసు. శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉండి కూడా. 2012 నుంచి ఏటా జరుగుతోంది, మామూలుగా అక్టోబరులో ఒక శని, ఆదివారాలు, 2025లో 4, 5 తేదీల్లో జరిగింది. ఫీజు లేదు. మీ ఊళ్లో ఈవెంట్ లేకపోయినా ఆన్‌లైన్‌లో చేరొచ్చు. డబ్బు ప్రైజ్ కోసం పోయేది కాదు. నాసా డేటా వాడి ఏదో ఒకటి చెయ్యాలి, అంతే.

పైథాన్ కొంచెం వచ్చి, డేటాతో ఆడుకోవడం ఇష్టమైనవాళ్లకు దీన్ని మించింది లేదంటాను. కాకపోతే డేటా ఏంటో రెండు వారాల ముందు చూసుకోండి. "శాటిలైట్‌తో రైతు పొలంలో తేమ చెబుతాం" అని దిగే టీములు ఏటా ఉంటాయి. స్మాప్ అనే శాటిలైట్ 2015 నుంచి నేలలో తేమ కొలుస్తోంది, నిజమే, కానీ దాని లెక్క సుమారు 36 కిలోమీటర్ల గడికి ఒకటి, మెరుగుపరిచింది తీసుకున్నా 9 కిలోమీటర్లు. మన మండలం మొత్తం రెండు మూడు గళ్లలో పడుతుంది, ఎకరన్నర వేరుశెనగ పొలం ఎక్కడ కనపడుతుంది? ల్యాండ్‌శాట్ అనే శాటిలైట్ల ఫొటోలైతే గడి 30 మీటర్లు, కానీ ఒక్కో శాటిలైట్ అదే చోటికి రావడానికి 16 రోజులు, అప్పుడు మబ్బుంటే అంతే సంగతులు. ఈ సంగతి తెలిసి, పొలం వదిలేసి జిల్లా స్థాయిలో కరువు ఎక్కడ మొదలవుతోందో చూపిస్తే అది మంచి ప్రాజెక్టు.

ఆన్‌లైన్‌వి, ఫీజువి

డెవ్‌పోస్ట్, డెవ్‌ఫోలియో, అన్‌స్టాప్ అనే సైట్లలో ఎప్పుడు చూసినా ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. కొన్ని నెల రోజులకు పైగా ఉంటాయి. హాస్టల్లో ఉండి సాయంత్రం రెండు గంటలు మాత్రమే కుదిరేవాళ్లకు, పక్కన మనుషులుంటే పని చెయ్యలేని నాలాంటివాళ్లకు ఇవి బాగుంటాయి. గెలుపు ఓటములు చాలావరకు రెండు మూడు నిమిషాల వీడియో మీదే. మొదటి ఇరవై సెకన్లలో పనిచేస్తున్న వస్తువు కనపడాలి. టీమ్ పేరు, లోగో, మ్యూజిక్ వెయ్యొద్దు. ఆన్‌లైన్‌లో ఉన్న రోగం ఏంటంటే చేరేవాళ్లలో చాలామంది సబ్మిట్ చెయ్యరు. నెల ఉంది కదా అని ఇరవై ఎనిమిది రోజులు గడిపేస్తారు. మీదీ అదే బాపతు అయితే 24 గంటలదే మేలు.

ఫీజు సంగతి. కాలేజీలో జరిగేదానికి భోజనం, పడక ఇచ్చి కొంత తీసుకుంటే న్యాయమే. ఆన్‌లైన్‌దానికి డబ్బులడిగి, జడ్జీల పేర్లు వెయ్యకుండా, పోయినసారి గెలిచిన ప్రాజెక్టులు చూపించకుండా, అందరికీ సర్టిఫికెట్ అంటే మీరు సర్టిఫికెట్ కొంటున్నారు. ఆ 499తో ఇంకో ఈఎస్‌పీ32 వస్తుంది. కంపెనీలు పెట్టేవాటిలో మీరు చేసింది ఎవరి సొంతమవుతుందో రూల్స్‌లో రాసి ఉంటుంది, ఆ ఒక్క పేరా అయినా చదవండి.

బెంగళూరు, చెన్నై, హైదరాబాద్

పోండి, కానీ రెండో మూడోసారి. అక్కడ ప్రైజులు ఎక్కువగా స్పాన్సర్ల చేతిలో ఉంటాయి, మా ఏపీఐ (వాళ్ల సర్వీసును మన కోడ్‌లోంచి వాడుకునే దారి) బాగా వాడినవాళ్లకు ఇంత అని విడివిడిగా ఇస్తారు. మొదటి ప్రైజ్ మీద అందరూ కన్నేస్తే, మీరు ఎవరూ పట్టించుకోని ఒక స్పాన్సర్ ట్రాక్ తీసుకుని, ముందు వారమే వాళ్ల డాక్యుమెంటేషన్ చదివి పోతే డబ్బులొచ్చే ఛాన్స్ ఎక్కువ. ప్రైజ్ రాకపోయినా పని చేసే ఇంజనీర్లు మీ కోడ్ చూసి తిడతారు, అది మన ఊళ్లో దొరకదు. చిత్తూరు వాళ్లకైనా, తిరుపతి వాళ్లకైనా చెన్నైయే దగ్గర. హైదరాబాద్ అయితే రాత్రి రైలు, రెండు రోజుల క్లాసులు అదనంగా పోతాయి.

అటెండెన్స్ 75కి అటూ ఇటూ ఊగుతుంటే మాత్రం ఎక్కడికీ వద్దు. పర్మిషన్ లెటర్ మీద హెచ్‌ఓడీ సంతకం పోయేముందే పెట్టించుకోండి, వచ్చాక పెట్టరు. వచ్చే వారం మిడ్స్ ఉన్నా అంతే.

మా వాడికి ఇదంతా చెప్పి, ఇంటర్నల్ రౌండ్‌కి పో, ఫీజుది వదిలెయ్, బెంగళూరుది వచ్చే ఏడాది అన్నాను. వాడు టీమ్ కట్టాడు. ఆరుగురిలో ఇద్దరు అమ్మాయిలు, ఒకమ్మాయి వాళ్ల నాన్నది బంగారుపాళ్యంలో మామిడి తోటంట, మామిడి కాయల ప్రాబ్లమే తీసుకున్నారు. సెలెక్ట్ కాలేదు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు మెసేజ్ వచ్చింది: "అక్కా, కోడ్ అయితే ఉండాది కదా. ఆ బెంగళూరుది తేదీ ఇంకా అయిపోలేదు. ఆదివారం ఎన్నింటికి వదుల్తారో కనుక్కోనా?"